టీచరమ్మ చదివిన మొదటి అధ్యాయం

జనగామ మార్కెట్లో ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణం మీద గది ఉండేది. కింద పసుపు, ఎండుమిర్చి బస్తాలు. పైన మేము, మా నవలలు. నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం అక్కడ కూర్చునేవాళ్లం. కాసేపటికే ఒకరి తర్వాత ఒకరికి తుమ్ములు మొదలయ్యేవి. ఏదైనా విషాద ఘట్టం గురించి మాట్లాడుకునేటప్పుడు కళ్ల వెంట నీళ్లు కారితే అది రచయిత గొప్పతనమో మిర్చి ఘాటో తేలేది కాదు.

గది దుకాణం సేటుది. మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టింది మాత్రం టీచరమ్మ. ఆమె రిటైరైన లెక్కల టీచరు. పెళ్లయిన కొత్తలో భర్త ఉద్యోగం వెంట కోస్తా నుంచి వచ్చి, ఇక్కడే ఆడపిల్లల బడిలో చేరింది. భర్త పోయాక కూడా వెనక్కి పోలేదు. పిల్లలు లేరు. నేను తరిగొప్పుల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి ఆ బడిలోనే చదువుకున్నాను. లెక్కల్లో నేను బాగుపడే రకం కాదని తేలిపోయాక, "సరేలే, కథలైనా చదువు" అని ఇంట్లోంచి ఒక నవల తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత నేను నర్సునై అదే ఊళ్లో సర్కారు దవాఖానలో చేరాను. ఆమె అంటించిన పిచ్చి మాత్రం వదల్లేదు.

నాలుగో మనిషి మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చేవాడు. మేం మానుకోట అంటాం ఆ ఊరిని. అక్కడ సర్కారు బడిలో పంతులు. గూడూరు పక్కన అడవి అంచు తండాలో పుట్టాడు. ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ, బడికి వచ్చాకే తెలుగు. నాకంటే చిన్నవాడు కాబట్టి తమ్ముడు అనేదాన్ని.

మా నలుగురికీ నవల విషయంలో పొత్తు కుదిరేది కాదు. సేటుకు నవలంటే ఏడిపించాలి. ఏడుపు రాకపోతే, "ఏంది టీచరమ్మా, గింత లావు పుస్తకం జదివిన, కండ్లు జరంత గూడ తడి గాలె" అని పక్కకు నెట్టేవాడు. టీచరమ్మ ఎంతైనా లెక్కల మనిషి. "వీడు మూడో అధ్యాయంలో ఆకలితో బస్సెక్కాడు. ఆ తర్వాత ఎక్కడా అన్నం తిన్నట్టు లేదు. ఎలా బతికున్నాడు?" అని రచయితను క్లాసులో నిలబెట్టినట్టు నిలదీసేది. తమ్ముడి బాధ వేరు. పెద్దింటి కథ ఏది చదివినా, "గీ ఇంట్ల గిన్నెలు ఎవలు తోముతున్నరు? ఆమెకు పేరు గూడ వెట్టలె" అనేవాడు. నా పేచీ అంతా నర్సులతో. మన నవలల్లో నర్సు అయితే దేవత, లేకపోతే డాక్టరు సంసారం కూల్చే మనిషి. డ్యూటీ దిగి, కాళ్లు పీకుతుంటే బస్సు కోసం ఉరికే నర్సు ఒక్కతె కూడా నాకు దొరకలేదు. ఆ మాట నేను ప్రతి నెలా అనేదాన్ని. వాళ్లు ప్రతి నెలా నవ్వేవాళ్లు.

మాకు ఒక నియమం ఉండేది. అది టీచరమ్మ పెట్టిందే. నవలను ఎవరు సిఫారసు చేస్తే వాళ్లే మొదటి అధ్యాయం పైకి చదివి వినిపించాలి. వినేవాళ్లు మధ్యలో నోరు మెదపకూడదు. చదవడం అయ్యాకే ఆ పుస్తకాన్ని ఇళ్లకు తీసుకుపోవాలా వద్దా తేలేది. "బాగుంది బాగుంది అని ఎవరైనా అంటారు. నోరారా చదివితే తెలిసిపోతుంది, నిజంగా నచ్చిందో లేదో" అనేది ఆమె. వంతుల ప్రకారం సాగేది. ఒకరి వంతు ఇంకొకరు తీసుకోవడానికి ఒప్పుకునేది కాదు. సేటు చదివితే సరుకుల జాబితా చదివినట్టు ఉండేది. అయినా చివరిదాకా వినేవాళ్లం.

అంతలో ఉద్యమం ఊరి మీదికి వచ్చింది. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటలు చేసి అక్కడే తిన్నాం. దవాఖాన ముందు టెంటు వేసుకుని మేమూ కూర్చున్నాం. రైళ్లు ఆగిపోయిన రోజుల్లో తమ్ముడు ఒక బస్సు, ఒక లారీ మారి జనగామ చేరేవాడు. అతని హాస్టల్ దోస్తు ఒకడు రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఆదివారం తమ్ముడు ఏ నవల గురించీ మాట్లాడలేదు. కిటికీ పక్కన కూర్చుని మార్కెట్ వైపు చూస్తూ ఉన్నాడు. టీచరమ్మ లేచి వెళ్లి అతని పక్కన కూర్చుంది.

మరుసటి నెల ఒక లావు నవల మీద గొడవ అయింది. కథంతా కోస్తాలో జరుగుతుంది. మా వైపు మనిషి ఒక్కడే, వాచ్‌మన్. వాడు నోరు తెరిచినప్పుడల్లా ఏదో తెలివితక్కువ మాట అంటాడు, అందరూ నవ్వుతారు. తమ్ముడు ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, "గీ వాచ్‌మన్ నోట్లె తప్ప మన మాట ఇంకెక్కడన్న ఉన్నదా? మనం మాట్లాడితె నవ్వులాటేనా?" అన్నాడు. రాష్ట్రం వచ్చేదాకా మన మాటలో రాసిన నవలలే చదువుదామన్నాడు. అందరికంటే ముందు చెయ్యెత్తింది టీచరమ్మ. "మంచి మాట. నేను అవి సరిగ్గా చదవనేలేదు. ఇన్నేళ్లు ఇక్కడుండి నాకే సిగ్గుగా ఉంది" అంది.

కొన్నాళ్లకు ఆమె వంతు దగ్గరపడింది. ఆమె ఎంచుకున్నదీ మా మాటలో రాసిన నవలే. సేటు మంచి మనసుతోనే, "టీచరమ్మా, మీ వంతుకు చెల్లె చదువుతది తియ్యుండ్రి, మీకెందుకు పరేషాన్" అన్నాడు నన్ను చూపిస్తూ. ఆమెకు చుర్రుమంది. "నా వంతు నేనే చదువుతాను. నేను పెట్టిన నియమం నాకు లేదా?" అంది. సేటు చప్పుడు చేయకుండా కిందికి పోయి చాయ్ పంపించాడు.

ఆ పుస్తకం ఒక బావులు తవ్వే కుటుంబం కథ. ఊరందరికీ నీళ్లు పడేలా తవ్విన వాళ్ల ఇంటికి తాగే నీళ్లు ఉండవు. మొదటి అధ్యాయం సగానికి సగం ఒక ముసలి తల్లి పొలం గట్టు మీద నిలబడి కొడుకును తిట్టడమే. టీచరమ్మ దాన్ని పట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మా అమ్మ అప్పుడు నా దగ్గరే ఉండేది. మేం ఆమెను అవ్వ అని పిలిచేవాళ్లం. తరిగొప్పుల దాటి ఎక్కువ తిరిగిన మనిషి కాదు, తిట్టడంలో మాత్రం ఆరితేరింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ వాకిట్లో పీటల మీద కూర్చుని ఉండేవాళ్లు. టీచరమ్మ ఒక వాక్యం చదివేది. అవ్వ చిక్కుడుకాయ ఈనె తీస్తూ తల అడ్డంగా ఊపేది.

"గట్ల గాదు బిడ్డా. గంత మెల్లగ తిడ్తె వాడు ఇంటడా? కొడుకంటె పాణం ఉన్నది, గానీ కోపం గూడ ఉన్నది. రెండు రావాలె."

టీచరమ్మ మళ్లీ చదివేది. ఎక్కడ గొంతు లేపాలో, ఎక్కడ ఆపి కొంగుతో ముఖం తుడుచుకోవాలో కూడా అవ్వ చూపించింది. కూరగాయల అంగట్లో ఇద్దరు ఆడవాళ్లు తగువు పడుతుంటే టీచరమ్మ బేరం మానేసి నిలబడి విన్నదని మా పక్కింటామె చెప్పి నవ్వింది. లెక్క చేసేటప్పుడు ఒక మెట్టు కూడా వదలకూడదని మాకు నేర్పిన మనిషి, ఈ పనీ అలాగే చేసింది.

ఆ ఆదివారం ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. కథ చెప్పే భాగం మామూలుగానే సాగింది. ముసలి తల్లి మాట రాగానే ఆమె గొంతు మారింది.

"ఏందిరా గట్ల జూస్తవ్? పొద్దు గూకవట్టె, ఎడ్లకు నీళ్లెవలు వెడ్తరు, నీ అయ్య లేసొస్తడా?"

నాకు మా అవ్వ వినిపించింది. అచ్చం మా అవ్వే. అదే విరుపు, అదే కోపం, కోపం కింద అదే ప్రేమ. ఈ మనిషి మమ్మల్ని ఎంతగా ఇష్టపడితే ఇంత కష్టపడి ఉంటుందో అనుకున్నాను.

సేటు పుసుక్కున నవ్వాడు.

అతని మీద నాకు ఈ రోజుకూ కోపం ఉంది, జాలి కూడా ఉంది. నవ్వాలని నవ్వలేదు. మా మాటను కోస్తా గొంతులో, ఆ ఊపులో వినడం మాకు ఒక్క చోటే అలవాటు, సినిమాహాల్లో. అక్కడ ఆ మాట వస్తే నవ్వాలని చిన్నప్పటి నుంచి నేర్పారు. మమ్మల్ని వెక్కిరిస్తుంటే టికెట్టు కొనుక్కుని మరీ నవ్వాం. సేటు నోరు ఆ అలవాటు కొద్దీ నవ్వింది. వెంటనే చేత్తో మూసుకున్నాడు కూడా.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. కోస్తాలో బీఈడీ చదివినన్నాళ్లూ అతను హాస్టల్లో నోరు తెరిస్తే ఎవరో ఒకరు సినిమా డైలాగు అందుకునేవాళ్లట. దానికంటే ముందు ఇక్కడి బడిలో తండా పోరడని నవ్వారు. అవన్నీ అతని ముఖంలో కనిపించాయి.

"టీచరమ్మా, మీ నోట్లె గూడ మా మాట గట్లనే ఒస్తదా? సినిమాల ఒచ్చినట్టె?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నేను మీకాడ గిది అనుకోలె."

ఆమె పేజీ మధ్యలో వేలు పెట్టి పుస్తకం మూసింది. ఏదో చెప్పబోయింది. ఏ భాషలో చెప్పాలో తెలియనట్టు ఆగిపోయింది. నేను తమ్ముణ్ని ఆపి, అవ్వ దగ్గర ఆమె ఎంత నేర్చుకుందో చెప్తున్నాను. నా మాట పూర్తికాకముందే అతను మెట్లు దిగిపోయాడు. రైలు టైం కూడా కాలేదు.

ఇక సేటు తన నవ్వు మాపుకోవాలని చూశాడు. "పిలగానికి ఆవేశం ఎక్కువ టీచరమ్మా. మీరు దిల్‌కు తీసుకోకుండ్రి. మీరు ఆంధ్రోళ్లయినా గని మంచోళ్లు. గది ఊరందరికి ఎరుకనే" అన్నాడు.

తమ్ముడు అన్న మాటకు ఆమె ముఖం ఎర్రబడింది. ఈ మాటకు తెల్లబోయింది. అన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి, ఇక్కడి పిల్లలకు చదువు చెప్పి, ఇక్కడి శ్మశానంలోనే భర్తను కాల్చుకున్న మనిషికి, తన మంచితనం గురించి ఊరు ఇలా అనుకుంటుందని ఆ రోజు తెలిసింది. ఆమె పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని, "సరే నాయనా" అని లేచింది. నేను ఇంటిదాకా వెంట వెళ్లాను.

మరుసటి నెల ఆమె రాలేదు. మోకాళ్ల నొప్పులంది. ఆ తర్వాతా రాలేదు. తమ్ముడు వచ్చాడు గానీ ఆ ఖాళీ కుర్చీ వైపు చూడకుండా కూర్చునేవాడు. మేం ముగ్గురం నవలల గురించి మాట్లాడేవాళ్లం, ఎవరికీ మనసు లేకుండా. ఒకరోజు మా అవ్వే అతన్ని మా ఇంట్లో కూర్చోబెట్టి నిలదీసింది. "నా దగ్గర నేర్చుకున్న మాటనురా అది. ఎక్కిరించిందంటె నన్నెక్కిరించినట్టు. నాకు కోపం రాలె, నీకెందుకొచ్చింది?"

సీతాఫలాల కాలంలో అతను ఒక గంప నిండా గూడూరు అడవి పళ్లు తెచ్చాడు. ఇద్దరం కలిసి ఆమె ఇంటికి పోయాం. ఆమె ఏమీ జరగనట్టే లోపలికి రమ్మంది. పెసరట్లు వేసి, అతను చాలన్నా ఇంకొకటి వేసింది. బడి గురించి అడిగింది. కొత్తగా చదివిన నవలలో ఒక పిల్లవాడికి రెండు చోట్ల రెండు వయసులు రాశారని చెప్పింది. అతను ప్రతి మాటకూ అవును టీచరమ్మా అన్నాడు. తప్పయిందన్న మాట మాత్రం బయటికి రాలేదు. గేటు దగ్గర అతి కష్టం మీద, "ఒచ్చే నెల మీ వంతున్నది టీచరమ్మా" అన్నాడు.

"నా వంతు నువ్వు తీసుకో నాన్నా" అంది ఆమె, అతని భుజం తట్టి.

అంత గట్టిగా నడిపిన నియమాన్ని ఆమే అలా వదిలేసింది. తమ్ముణ్ని పంపించి నేను ఆగిపోయాను. కోపంగానే అడిగాను, ఇంకెన్నాళ్లు ఇట్లా అని. ఆమె వంటింటి గడప మీద కూర్చుంది.

"ఆ అబ్బాయి తప్పేం లేదే. నా గొంతు నాకూ అలాగే వినిపించింది, చదువుతుండగానే. ఆపలేకపోయాను" అంది. "అది కాదు ఇప్పుడు నా బాధ. ఇన్నాళ్లూ నాకు తెలియకుండానే జర అనేదాన్ని, పరేషాన్ అనేదాన్ని. ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు కూరగాయలు కొనడానికి వెళ్లినా నోరు తెరిచేముందు ఆలోచిస్తున్నాను. నా మాట మాట్లాడితే ఆంధ్రావిడ అనుకుంటారు. మీ మాట మాట్లాడితే వెక్కిరిస్తోందనుకుంటారు. అంగట్లో నిన్న వేలుతో చూపించి వంకాయలు కొనుక్కొచ్చాను."

అని నవ్వబోయింది. నేను ఏడ్చేశాను. ఆమె నా తల నిమిరింది. ఎవరూ ఆమెను ఊరు వదిలిపొమ్మనలేదు. ఒక్క రాయి పడలేదు, ఒక్క చెడ్డ మాట ఎవరూ అనలేదు. మేం ఆమెను అంత ప్రేమించినవాళ్లమే, ఆమె నోట్లోంచి మాట లాగేసుకున్నాం.

ఉద్యమం తప్పని నేను ఎన్నడూ అనను. అలా అనేవాళ్లతో ఇప్పటికీ గొడవ పడతాను. రాష్ట్రం వచ్చిన రోజు జనగామ చౌరస్తాలో నేనూ ఆడాను, నా జుట్టులోంచి గులాబీ రంగు వదలడానికి చాలా రోజులు పట్టింది. అదే రంగుతో టీచరమ్మ ఇంటికి పోయాను. ఆమె నా ముఖం చూసి మురిసిపోయింది, నోట్లో చక్కెర పోసింది. వెనకాల గదిలో పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్ది ఉన్నాయి. తమ్ముడి దగ్గరికి, అంటే ఆమె సొంత తమ్ముడి దగ్గరికి, కోస్తాకు వెళ్లిపోతున్నానంది. ఒంటరిగా ఇక చేతకావడం లేదంది. స్టేషనుకు ఎవరూ రావద్దంది. నేను మాట వినకుండా పోయాను. సేటు కూడా వచ్చి, ప్లాట్‌ఫాం మీద అందరిముందూ ఆమె కాళ్లకు దండం పెట్టాడు. ఈసారి అతని కళ్లలో నీళ్లకు మిర్చి కారణం కాదు. మానుకోటలో బండి ఆగినప్పుడు తమ్ముడు కిటికీలు వెతుక్కుంటూ బోగీ బోగీకీ ఉరికాడట. దొరికేలోపే బండి కదిలిందట.

గది కొన్ని నెలలు నడిచి ఆగిపోయింది. అవ్వ పోయింది. నాకు భూపాలపల్లి దవాఖానకు బదిలీ అయింది. బొగ్గు దుమ్ము పడకుండా కిటికీలు మూసుకుని ఆదివారాలు ఒక్కదాన్నే చదువుకునేదాన్ని. చదివింది ఎవరికి చెప్పాలో తెలియక టీచరమ్మకు ఫోన్ చేసేదాన్ని. మొదట్లో బాగా మాట్లాడేది. "ఇక్కడ నేను జర అంటే పిల్లలు నవ్వుతున్నారే, తెలంగాణ బామ్మ అంటున్నారు" అని ఒకసారి చెప్పింది. తర్వాత మాటలు తగ్గాయి. ఏం చదువుతున్నారంటే, కళ్లు కనబడటం లేదు అనేది. నా డ్యూటీలు, ఆమె అనారోగ్యం, మధ్యలో కొన్ని నెలలు ఫోన్ కలవలేదు.

ఒక ఆదివారం కలిసింది. ఎత్తింది ఆమె మేనల్లుడు. నేను ఎవరో చెప్పేలోపే, "అత్తయ్య పోయి నెల దాటిందండీ" అన్నాడు.

నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. జనగామ నుంచి అని చెప్పాను, ఆమె దగ్గర చదువుకున్నానని చెప్పాను. అంతకు మించి నేను ఆమెకు ఏమవుతానో చెప్పడానికి మాట దొరకలేదు. కబురు చేయాల్సింది కదా అన్నాను. అతను పాపం నొచ్చుకున్నాడు.

"అడిగామండీ. చివరిదాకా తెలివిలోనే ఉన్నారు. జనగామలో ఎవరికైనా చెప్పాలా అత్తయ్యా అని నేనే అడిగాను. అక్కడ నాకెవరూ లేర్రా అన్నారు."

సేటుకు ఫోన్ చేసి చెప్పాను. అతను మాట్లాడలేక పెట్టేశాడు. తర్వాత మానుకోటకు, తమ్ముడికి చేశాను. వెనకాల అతని పిల్లలు లంబాడీలో ఏదో పోట్లాడుకుంటున్నారు.

"అక్కా, పొయ్యేముందు మన గురించి ఏమన్న అన్నదా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. రోగుల ఇంటివాళ్లకు అలాంటివి చెప్పడం నా వృత్తిలో అలవాటే. ఆ రోజు చేతకాలేదు.

"అక్కడ నాకెవరూ లేరన్నదట" అని చెప్పాను.